రోహిణి ఎండ, పొగ ఒకేసారి వస్తే ఏం చేయాలి? బెజవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇరవై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్ని కాను. కర్తరి మొదలైన దగ్గర్నుంచి మృగశిర వచ్చేదాకా ఓఆర్ఎస్ ప్యాకెట్టుకో దగ్గు మందుకో వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే, నేను చెప్పేదీ ఒకటే, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఎండ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, పొగ గురించి చెప్పేవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే రోజు మీద పడితే ఏం చేయాలో చెప్పేవాళ్ళే తక్కువ. ఎండకు కిటికీలు తీయమంటారు, పొగకు మూయమంటారు. మధ్యలో ఇంట్లో ఉన్న ముసలివాళ్ళు, చిన్నపిల్లలు నలిగిపోతారు.

మనకు అడవులెక్కడివి? మే నెలలో ఈ పొగ ఎక్కడి నుంచి వస్తోంది?

అడవులు ఉన్నాయి. పల్నాడులో మాచర్ల దాటితే నల్లమల మొదలవుతుంది. ఇటు కొండవీడు కొండలు, అటు కొండపల్లి అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు రాలి, గడ్డి ఎండి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని ఉన్నట్టుంటాయి. మన దగ్గర అడవి దానంతట అది అంటుకోవడం చాలా అరుదు. కాల్చి పారేసిన బీడీ ముక్కో, వానలకు కొత్త గడ్డి బాగా మొలుస్తుందని పెట్టిన నిప్పో, వండుకుని ఆర్పకుండా వదిలేసిన పొయ్యో కారణం అవుతుంది.

కానీ ఊళ్ళో మనం పీల్చే పొగలో ఎక్కువ భాగం అంత దూరం నుంచి వచ్చేది కాదు. దుక్కికి ముందు పొలంలో కాల్చే మొక్కజొన్న చొప్ప, పత్తి కట్టె, మిరప కట్టె, డంపింగ్ యార్డులో రోజుల తరబడి లోపల్లోపల రాజుకునే చెత్త, వీధి చివర ఊడ్చి తగలబెట్టే ప్లాస్టిక్ కవర్లు, వీటిదే ఎక్కువ. మిరప కట్టె పొగ సంగతి గుంటూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, దాంట్లో మిగిలిన కాయలు కూడా కాలతాయి కాబట్టి ఫర్లాంగు దూరంలో ఉన్నా గొంతు పట్టేస్తుంది.

నిరుడు మే చివర మా మేడ మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టారు. సాయంత్రం తీయబోతే వడియాల మీద నల్లటి నలుసులు. గోరంత పొడవు, వెంట్రుకంత సన్నం, ముట్టుకుంటే వేలికి మసి. ఎక్కడో కాల్చిన చొప్ప తాలూకు బూడిద గాలికి వచ్చి తడి వడియాల మీద వాలింది. నిజానికి కంటికి కనిపించే ఆ నలుసుతో పెద్ద భయం లేదు, అది ముక్కులోనే ఆగిపోతుంది. దానితోపాటు వచ్చి కనపడకుండా పోయేదే ప్రమాదం. పీఎం 2.5 అంటారు కదా, అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. మన తల వెంట్రుక మందం 50, 70 మైక్రాన్లు ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అవి ఊపిరితిత్తుల చివరిదాకా పోతాయి, మరీ చిన్నవి రక్తంలోకి కూడా చేరతాయి. అందుకే పొగ రోజుల్లో దగ్గు, ఆయాసంతో పాటు గుండె జబ్బున్నవాళ్ళకు కూడా ఇబ్బంది పెరుగుతుంది.

ఎండ ఎప్పుడూ ఉండేదే కదా, వడగాడ్పు అని ఎప్పుడు అంటారు?

వాతావరణ శాఖ లెక్క ఇది. మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, ఆ రోజుకు మామూలుగా ఉండాల్సిన దానికంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాడ్పు. 6.4 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే తీవ్ర వడగాడ్పు. తేడాతో పని లేకుండా 45 తాకితే వడగాడ్పు, 47 తాకితే తీవ్రం. తీరంలో ఉన్న ఊళ్ళకు 37 నుంచే లెక్క మొదలవుతుంది. అంటే 42 డిగ్రీలు రెంటచింతలలో మే నెలకు మామూలు ఎండే, అదే 42 మచిలీపట్నంలో అసాధారణం. ఒళ్ళు దేనికి అలవాటు పడిందనేది ముఖ్యం.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఏ మండలంలో వడగాడ్పు, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పు అని ముందురోజే చెబుతోంది, ఫోన్లకు మెసేజ్ కూడా వస్తోంది. చాలామంది దాన్ని బ్యాంకు మెసేజ్‌తో పాటు తీసి పారేస్తారు. దయచేసి చదవండి, అందులో మీ మండలం పేరే ఉంటుంది.

మనకే ఇంత ఎందుకంటే, తెలంగాణ మీదుగా పడమటి నుంచి వచ్చే పొడిగాలి ఒక కారణం. సముద్రం 60, 70 కిలోమీటర్లలోనే ఉన్నా ఆ పడమటి గాలి బలంగా ఉన్న రోజు సాయంత్రం దాకా సముద్రపు గాలి లోపలికి రాలేదు. బెజవాడకు దీనికి తోడు చుట్టూ కొండలు, ఎండిపోయిన కృష్ణ ఇసుక, కాంక్రీటు. కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్లేజ్‌వాడ, అంటే మండే ఊరు, అన్నారని ఊరికే చెప్పుకోరు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలు దాటారు. వాళ్ళలో ఎక్కువమంది కూలీలు, పెద్దవాళ్ళు.

సరే, కిటికీలు తీయాలా మూయాలా?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే, ఒక్క మాటలో చెప్పలేను. గంటను బట్టి మారుతుంది.

పొగ లేని రోజు సులువే: రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి ఏడు దాకా అన్నీ తీసి పెట్టండి, ఎండ ముదరకముందే మూసి తూర్పు వైపు, పడమటి వైపు తెర దించండి. పొగ ఉన్న రోజు ఇదే పద్ధతి ఎదురుతిరుగుతుంది. ఎందుకంటే రాత్రి నేల చల్లబడ్డాక కింది గాలి బరువెక్కి కదలకుండా ఉండిపోతుంది, పైన వెచ్చటి గాలి మూతలా పడుతుంది, ఆ మూత కింద పొగ అంతా నేలబారుగా ఉండిపోతుంది. తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకు చల్లగా ఉందని కిటికీ తీస్తే అప్పుడే పొగ చిక్కగా ఉంటుంది. కాబట్టి అలాంటి రోజుల్లో సాయంత్రం గాలి తిరిగి, సముద్రం వైపు నుంచి వీచడం మొదలైన గంటా రెండు గంటలు తీయండి. ఇంట్లో వేడి అప్పుడు బయటికి పోతుంది. తెల్లవారుజామున ముక్కుకు వాసన తగిలితే మూసేయండి.

మూస్తే ఇల్లు కుంపటిలా అవుతోంది, తెరిస్తే పొగ, ఏసీ లేదు అన్నప్పుడు మాత్రం నా మాట ఇది: ముందు వేడి సంగతి చూడండి. వేడి గంటల్లో ప్రాణం తీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పొగ ఇబ్బంది పెడుతుంది కానీ అంత త్వరగా పడగొట్టదు. ఆస్తమా, గుండె జబ్బు, సీఓపీడీ (ఏళ్ళ తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ళ విషయంలో ఈ లెక్క పనిచేయదు, వాళ్ళకు రెండూ ప్రమాదమే కాబట్టి ఆ రెండు మూడు రోజులు ఏసీ ఉన్న బంధువుల ఇంటికి పంపించండి. మొహమాటపడకండి. పెళ్ళికి వెళ్ళి నాలుగు రోజులు ఉంటాం కదా, దీనికీ వెళ్ళొచ్చు.

ఇంట్లోనే ఉండాల్సి వస్తే ఒక గది ఎంచుకోండి. పై అంతస్తు స్లాబు కింద గది వద్దు, అది రాత్రి పదకొండుకు కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. కింది అంతస్తులో, నేరుగా ఎండ పడని చిన్న గది. తలుపు కింద సందులో తడి గుడ్డ పెట్టండి. బెజవాడలో కొండ మీద ఇళ్ళున్నవాళ్ళకు వెనక రాయి కూడా రాత్రంతా వేడి వదులుతుంది, వాళ్ళు మంచాన్ని ఆ గోడకు ఆనించకుండా జరుపుకోవడమే కాస్త ఉపశమనం.

ఇంకో సంగతి. మూసిన గదిలో దోమల చుట్ట, సాంబ్రాణి, అగరొత్తి వెలిగించకండి. బయటి పొగను ఆపి లోపల మనమే పొగ పెట్టుకున్నట్టు. దోమతెర కట్టుకోండి. తాలింపులు, వేపుళ్ళు పొద్దున్నే ముగించండి.

కూలర్ వేసుకోవచ్చా? ఏసీ సంగతేంటి?

కూలర్ బయటి గాలిని లోపలికి లాగుతుంది. పొగ ఉంటే పొగనూ లాగుతుంది. తడి గడ్డి మెత్తలు దుమ్మును కొంత ఆపుతాయి గానీ పీఎం 2.5ని ఆపవు. పొగ వాసన బాగా వస్తున్న గంటల్లో కూలరు ఆపేసి, తడి తువ్వాలు ఒంటి మీద వేసుకుని ఫ్యాను కింద కూర్చోండి. పొగ తగ్గాక మళ్ళీ వేసుకోండి, అప్పుడు ఎదురుగా ఒక కిటికీ కొంచెం తీసి ఉంచితేనే కూలరు సరిగ్గా పనిచేస్తుంది, లేకపోతే గదంతా చెమ్మ.

స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి గాలి తీసుకోదు కాబట్టి మంచిదే. ఫిల్టరు కడిగి పెట్టుకోండి. విండో ఏసీకి బయటి గాలి కోసం చిన్న మీట ఉంటుంది, దాన్ని మూసే వైపు పెట్టండి. 18లో పెట్టక్కర్లేదు, 26లో పెట్టి ఫ్యాను వేస్తే ఒంటికి చాలు, కరెంటు బిల్లూ తగ్గుతుంది.

ఫ్యాను గాలి వేడిగా కొడుతోంది, వేసుకోవాలా?

గదిలో 40 డిగ్రీల లోపు ఉన్నంతవరకు ఫ్యాను పనికొస్తుంది. అది దాటితే ఉత్త ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడి గాలిని మీదికి తోస్తుంది. అప్పుడు ఒళ్ళు తడుపుకుని ఫ్యాను కింద కూర్చోవాలి. చల్లబరిచేది ఆ తడి ఆరడమే.

తడి టవలు ముఖానికి కట్టుకుంటే పొగ ఆగదా?

ఆగదు. బూడిద, దుమ్ము ఆగుతాయి, సన్నటి కణాలు పోతూనే ఉంటాయి. సర్జికల్ మాస్కు కూడా పక్కల సందుల్లోంచి వదిలేస్తుంది. ఎన్95 ఒక్కటే, అదీ ముక్కు దగ్గర తీగ నొక్కి, రెండు పట్టీలూ తలకు సరిగ్గా వేసుకుంటేనే. అయితే 44 డిగ్రీల ఎండలో ఎన్95 పెట్టుకుని బరువు పని చేయడం చాలా కష్టం. బస్టాండుకో ఆసుపత్రికో వెళ్ళిరావడానికి పెట్టుకోండి. పని చేయడానికైతే మాస్కు కంటే వేళ మార్చుకోవడం మేలు. టవలు తలకు చుట్టుకోండి, దానికి అది బాగా పనికొస్తుంది.

ఒక యాప్‌లో గాలి 100 అని, ఇంకో యాప్‌లో 150 అని చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. గాలి ఒకటే, కొలబద్దలు వేరు. మన దేశపు గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ)లో ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే 100 అని, 'సంతృప్తికరం' అని చూపిస్తుంది. అదే గాలి అమెరికా సూచీలో 150 దాటి, 'అనారోగ్యకరం'లో పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 రోజుకు సగటున 15 మైక్రోగ్రాములు మించకూడదని చెప్పింది. ఇంట్లో ఆస్తమా పిల్లలుంటే నేను మన సూచీ 100 దాటగానే జాగ్రత్తపడమంటాను, 200 దాకా ఆగొద్దు. కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్‌లో మన ఊళ్ళ లెక్కలు కనిపిస్తాయి. అది గత 24 గంటల సగటు, ఇప్పుడు మీ వీధిలో కాలుతున్న చెత్త దానికి తెలియదు. ముక్కుకు ఘాటు తగిలితే నంబరు కోసం చూడకండి.

వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తుపట్టాలి?

చెమట ఆగిపోతుందని అందరూ చెబుతారు. ఎప్పుడూ అలా జరగదు, నేను కళ్ళారా చూశాను. రెండేళ్ళ కింద మా బాబాయి పొలం పక్కన ఎవరో మొక్కజొన్న చొప్పకు నిప్పు పెట్టి వెళ్ళిపోయారు. గాలి తిరిగి మంట మా గట్టు మీదికి వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆయన ఒక్కడే వేప కొమ్మ విరిచి కొడుతూ గంటసేపు ఆ పొగలో, ఆ ఎండలో ఆర్పాడు. నేను వెళ్ళేసరికి మంట ఆరిపోయింది, ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుని ఉంది. "ఏంది బాబాయ్ ఇట్టా కూర్చున్నావ్" అంటే నన్ను చూసి, "రాముడికి నీళ్ళు పెట్టావా?" అన్నాడు. రాముడు మా ఎద్దు. అమ్మేసి పదేళ్ళయింది.

ఆ మాట విన్నాక నాకు ఇంక అనుమానం లేదు. మనిషి మాట తేడాగా ఉందంటే, సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడంటే, తూలుతున్నాడంటే అది వడదెబ్బే అనుకుని కదలాలి. చెమట ఉందా లేదా అని చూస్తూ కూర్చోకూడదు. తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టేయడం దానికి ముందు మెట్టు, అప్పుడు నీడకు తెచ్చి నీళ్ళు తాగిస్తే కోలుకుంటారు. మాట తడబడిందంటే ఆ మెట్టు దాటిపోయింది, ఒంటి వేడి 104 ఫారెన్‌హీట్ చేరి ఉంటుంది.

108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు చల్లబరచండి, ఈ రెండో పనే ప్రాణం నిలబెడుతుంది. నీడకు లాగి, చొక్కా విప్పి, తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు పోసి విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి చంకల్లో, మెడకు, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ వేయొద్దు, ఇది జ్వరం కాదు, ఆ బిళ్ళకు తగ్గదు. మేము పురుగుమందు కొట్టడానికి తెచ్చిన నాలుగు క్యాన్ల నీళ్ళూ బాబాయి మీదే పోశాం. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆయనకు ఇప్పటికీ గుర్తులేదు.

ఏం తాగాలి? ఓఆర్ఎస్ రోజూ తాగొచ్చా?

ఇంట్లో ఉన్నవాళ్ళకు నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి జావ, చద్దన్నం, కొబ్బరి బొండం, తాటి ముంజలు చాలు. ఎండలో పని చేసేవాళ్ళకు, విరేచనాలు అయ్యేవాళ్ళకు ఓఆర్ఎస్. ప్యాకెట్టు మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో సగం పొడి వేసుకుని తాగడం తప్పు. ప్యాకెట్టు లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, కొలిచి. ఓఆర్ఎస్‌లా కనిపించే పండ్లరసం డబ్బాలు వేరు, వాటిలో చక్కెర ఎక్కువ, మా దగ్గరకు వచ్చినవాళ్ళకు నేను అవి ఇవ్వను. కూల్ డ్రింకులు, సారా, బీరు లాంటి మద్యం ఆ రోజుల్లో వద్దు. కిడ్నీ, గుండె జబ్బుకు నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం ఎంత తాగాలో ఆయన్నే అడగండి.

చంటిపిల్లలకు నీళ్ళు పట్టొచ్చా?

ఆరు నెలల లోపు వద్దు, తల్లిపాలే మరికొన్నిసార్లు ఇవ్వండి. అందుకు తల్లి బాగా తాగాలి. గంటలు గంటలు మూత్రం పోయకపోయినా, ఏడుపు నీరసంగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి.

బీపీ, షుగరు మందులు, ఇన్హేలరు, ఇన్సులిన్?

ఒంట్లో నీరు తీసే బీపీ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు ఎండలో కళ్ళు తిరగొచ్చు. మీ అంతట మీరు మానేయకండి, వేసవికి మోతాదు మార్చాలేమో డాక్టర్ని అడగండి. మానసిక వ్యాధుల మందుల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి, ఆ ఇంటివాళ్ళు ఆ మనిషిని ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి. ఇన్హేలరును స్కూటీ డిక్కీలో, కారులో వదలొద్దు. ఆస్తమా ఉన్నవాళ్ళు పొగ రోజుల్లో బాగానే ఉంది కదా అని రోజువారీ ఇన్హేలరు ఆపొద్దు. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేకపోతే చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి మట్టికుండలో పెట్టి నీడన ఉంచండి. ఫ్రీజరులో మాత్రం పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదా?

తగులుతుంది. ఉల్లిపాయ మజ్జిగలో వేసుకోండి.

పక్కవాళ్ళు చెత్త కాలుస్తున్నారు, ఎవరికి చెప్పాలి?

బహిరంగంగా చెత్త కాల్చడాన్ని 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా. మీ వార్డు సచివాలయంలో ఫొటోతో ఫిర్యాదు ఇవ్వండి. మంట పెద్దదైతే 101. మా వీధిలో నేను రెండుసార్లు రాసి ఇచ్చినా ఎవరూ రాలేదు, మూడోసారి పదిమంది సంతకాలు పెట్టి ఇచ్చాక కాల్చడం ఆగింది.

రైతుల సంగతి వేరు. వాళ్ళను తిట్టి లాభం లేదు. కట్టె ఏరి గట్టున వేయడానికి కూలి డబ్బులు కావాలి, వాన పడేలోపు దుక్కి కావాలి, అగ్గిపుల్ల చవక. మా బాబాయి ఇప్పుడు రోటవేటరుతో చొప్ప నేలలోనే కలిపేస్తున్నాడు, పక్క ఇద్దరితో కలిసి అద్దెకు తెచ్చుకుంటే భారం తగ్గింది. కాల్చక తప్పదనుకునేవాళ్ళు కనీసం మిట్టమధ్యాహ్నం గాలిలో పెట్టొద్దు, చుట్టూ రెండు సాళ్ళు దున్నండి, ఆరేదాకా అక్కడే ఉండండి.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది, అక్కడ ఆగస్టులో ఇదే గొడవ అంటోంది.

అవునండి, అక్కడ వేసవి చివర, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అడవులు ఎండి ఉంటాయి, కొన్నేళ్ళు ఎండ తీవ్రత కూడా అప్పుడే వస్తుంది. 2020 సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పగలంతా ఆకాశం నారింజ రంగులో ఉండిపోయింది. 2023 జూన్‌లో కెనడా మంటల పొగ న్యూయార్కు దాకా వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఏసీ లేని ఇళ్ళు చాలా ఉన్నాయి, కాబట్టి కిటికీ ప్రశ్న వాళ్ళకూ ఇదే. ఇంటి మొత్తానికి ఒకే ఏసీ ఉంటే దానికి మెర్వ్ 13 ఫిల్టరు (సన్నటి పొగ కణాలను కూడా పట్టే రకం) పడుతుందేమో కనుక్కోమనండి. ఊరు ఖాళీ చేయమని చెబితే ఆలస్యం చేయొద్దని మీరు ఫోన్లో గట్టిగా చెప్పండి, సామాను కోసం ఆగొద్దని.

మృగశిర వచ్చి ఒక వాన పడితే అయిపోయినట్టేనా?

పొగ వరకు దాదాపు అయిపోయినట్టే, వాన ఆ కణాలను కడిగేస్తుంది. ఎండ మాత్రం కొన్ని రోజులు మోసం చేస్తుంది. 44 నుంచి 38కి దిగుతుంది గానీ గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. ఉక్కపోతలో 38 పొడి ఎండలో 42 కంటే తేలిక కాదు. నైరుతి గట్టిపడేదాకా మధ్యాహ్నం పనులు మొదలుపెట్టకండి.

మేడ మీద పేరుకున్న బూడిదను పొడి చీపురుతో ఊడిస్తే మళ్ళీ గాలిలోకి లేస్తుంది, నీళ్ళు చల్లి తుడవండి. కూలరులో నీళ్ళు పారబోసి ఆరబెట్టండి, లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. నలుసులు పడ్డ వడియాలు ఏం చేయాలని మొన్న ఒక పిన్నిగారు అడిగారు: చొప్ప బూడిదైతే ఎండాక మెత్తటి గుడ్డతో దులిపి వాడుకోవచ్చు, ప్లాస్టిక్ కాలిన వాసన ఏమాత్రం ఉన్నా పారేయండి. మా ఇంట్లో ఈసారి పంచె పైన ఇంకో పల్చటి నూలు చీర కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాం.